డెబ్బై లక్షల బండి తొమ్మిదికి

సిద్దిపేటలో పద్దెనిమిదేళ్ళు డ్రైవింగ్ స్కూలు నడిపాను. మెదక్ రోడ్డులో దుకాణానికి చిన్న మడిగె కిరాయికి తీసుకుని, మొదట నేనొక్కణ్ణే ఒక పాత చిన్న కారుతో మొదలుపెట్టాను. పెళ్ళయిన మూడేళ్ళకు నా భార్య కూడా కారు నేర్చుకుంది. నేర్చుకున్నాక నాకంటే బాగా నేర్పడం మొదలుపెట్టింది. రెండో కారు ఆమె కోసమే కొన్నాం. టీచర్లు, దవాఖానలో నర్సులు, బురఖాలో వచ్చే కాలేజీ అమ్మాయిలు, అందరూ ఆమెను చూసే వచ్చేవాళ్ళు. మగవాడి పక్కన కూర్చుని నేర్చుకోవడానికి చాలా ఇళ్ళల్లో ఒప్పుకోరు. మేడం నేర్పుతుందంటే పంపేవాళ్ళు. పొద్దున ఆరు నుంచి పది దాకా, మళ్ళీ సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా ఆమె బండి ఆగేది కాదు. మా ఇల్లు గడిచింది ఎక్కువగా ఆమె బండి మీదనే. ఆ సంగతి నాకు అప్పుడు కూడా తెలుసు.

మాకు పిల్లలు లేరు. కొన్నేళ్ళు హైదరాబాదు దవాఖానల చుట్టూ తిరిగి, ఒకరోజు ఆ కాగితాలన్నీ ఒక సంచిలో వేసి అటక మీద పెట్టింది. తరువాత ఆ మాట ఇద్దరం ఎత్తలేదు. రంగధాంపల్లి వైపు ఒక ప్లాటు కొనాలని, అందులో రెండు గదులు వేసుకోవాలని డబ్బు కూడబెడుతూ వచ్చాం. ఆ ప్లాటు ఆమె కోరిక. నాకు పెద్దగా కోరికలు లేవని నేనే అనుకునేవాణ్ణి.

నేర్పేవాడి సీటు ఎడమ పక్క. కాళ్ళ దగ్గర మాకు వేరే క్లచ్చు, వేరే బ్రేకు ఉంటాయి. రోజుకు ఎనిమిది గంటలు కారులోనే కూర్చున్నా నేను నడిపింది తక్కువ, ఆపింది ఎక్కువ. స్పీడు ముల్లు ముప్పై దాటితే నా కాలు దానంతట అదే కిందికి పోయేది. ఒంటరిగా సొంత పని మీద వెళ్ళినా నలభై, యాభైకి మించి తోలేవాణ్ణి కాదు. వేగమంటే భయమని కాదు. నాకు అలవాటు లేదు, అంతే.

నాకు ఆ డెబ్బై లక్షల కారు అమ్మినవాడు ఒకప్పుడు నా దగ్గర నేర్చుకున్నవాడే. డిగ్రీ చదివేటప్పుడు వచ్చాడు, తరువాత హైదరాబాదులో ప్లాట్ల వ్యాపారం చేసి బాగా సంపాదించాడు. ఒక దసరాకు ఊరికి వచ్చి, కారు తెచ్చి మా మడిగె ముందు ఆపాడు. ముదురు నీలం రంగు, నేలకు ఆనినట్టు కూర్చున్న బండి. ఇంజన్ ఆరు సిలిండర్లది.

"సార్, మీ చేతుల మీద నేర్చుకున్న. ఒక్క రౌండు మీరు కొట్టున్రి," అన్నాడు.

దుద్దెడ దాకా పోయి వచ్చాం. పోయేటప్పుడు నేను నా పద్ధతిలోనే నడిపాను. వచ్చేటప్పుడు రోడ్డు ఖాళీగా ఉంది. పక్కనుంచి అతను "జర తొక్కున్రి సార్, ఏం గాదు," అన్నాడు. తొక్కాను. వీపు సీటుకు అతుక్కుపోయింది. ముల్లు ఎక్కడ ఉందో చూసే ధైర్యం లేక రోడ్డునే చూస్తూ ఉండిపోయాను. మడిగె ముందు దిగాను. నలభై ఆరేళ్ళ మనిషిని, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతను చూడకుండా ముఖం తుడుచుకున్నాను.

చాయ్ తాగుతూ అతనే చెప్పాడు, బండి అమ్మేస్తున్నానని. కొత్తప్పుడు డెబ్బై లక్షలట. పదేళ్ళయింది కాబట్టి తొమ్మిదికి ఇచ్చేస్తానన్నాడు.

"నాకిస్తవా?" అన్నాను.

అతను నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి గ్లాసు కింద పెట్టాడు.

"మీకెందుకు సార్ గిది? కొనుడు అల్కగనే ఉంటది, పెంచుడే కష్టం. బండి పాతదైందని దాని ఖర్చు పాతదిగాదు. గిప్పటికీ డెబ్బై లక్షల బండి ఖర్చే అయితది. గేర్‌బాక్సు పని కూడ దగ్గరికొచ్చిందని షోరూమోళ్ళు అన్నరు. మీ దగ్గర దాస్తే పాపం తగుల్తది సార్, గందుకే చెప్తున్న."

అతను ఏదీ దాచలేదు. అందుకే ఇవాళ తిట్టుకోవడానికి కూడా నాకు మనిషి లేడు. ఆ మాటలు ఒక్కటి పొల్లుపోకుండా ఇప్పటికీ చెప్పగలను. ఆ రోజు మాత్రం నా చెవిలో పడింది తొమ్మిది అనే అంకె ఒక్కటే.

ఇంట్లో చెప్పినప్పుడు నా భార్య గొడవ చేయలేదు.

"ఎంత మైలేజిస్తది?" అని అడిగింది.

"ఆరో, ఏడో."

"మన బండ్లు ఇరవై ఇస్తయి."

"ఏడాది నడిపి అదే రేటుకు అమ్ముదాం. గింత తక్కువకు వచ్చినంక నష్టమెట్లొస్తది? ప్లాటు అప్పుడు కొందాం."

రెండు రోజులు ఆలోచించింది. మూడోరోజు పొద్దున బండికి నీళ్ళు కొడుతూ అంది. "నువ్వు ఏనాడూ ఏదీ అడగలే. ఏడాదంటే ఏడాదే. ప్లాటు పైసలు మళ్ళ ప్లాటుకే రావాలె."

అలా వచ్చింది బండి మా ఇంటికి.

మొదటి నెలలో నాకు తెలిసింది, మా గల్లీ దానికి సరిపోదని. నాలుగు స్పీడ్ బ్రేకర్లు. ఎంత ఏటవాలుగా ఎక్కించినా బండి కడుపు గీరుకునేది. ఆ చప్పుడుకు ఎదురింటివాళ్ళు బయటికి వచ్చి చూసేవాళ్ళు. మొదట్లో బండిని చూడడానికి వచ్చేవాళ్ళు, తరువాత ఆ చప్పుడును చూడడానికి.

రెండో నెలలో నంగునూరులో ఉన్న మా అన్న దగ్గరికి వెళ్తూ ఒక గుంతలో పడేశాను. టైరు పక్కన చీలింది. టైర్ల షాపతను ఆ టైరు మీది నంబరు చదివి, ఫోనులో ఎవరితోనో మాట్లాడి, "గీ సైజు సిద్దిపేటల ఎవ్వరు అమ్మరన్నా," అన్నాడు. హైదరాబాదు నుంచి తెప్పించాలి. ఒక్కటి మారిస్తే చాలదు, జత మార్చాలి. ముందు టైర్లు ఒక కొలత, వెనక టైర్లు మరో కొలత, కాబట్టి అటువి ఇటు వేయడానికి లేదు. రెండు టైర్లకు అరవై నాలుగు వేలయింది. ఆ డబ్బుతో మా రెండు చిన్న కార్లకూ అన్ని టైర్లూ మార్చి, ఇంకా మిగిలేది.

తరువాత బ్యాటరీ పోయింది. ఇది తేలికేననుకుని ఊళ్ళోనే కొని, నేనే బిగించాను. బండి దాన్ని ఒప్పుకోలేదు. కొత్త బ్యాటరీ పెట్టిన సంగతి కంప్యూటరు పెట్టి బండికి చెప్పాలట. చెప్పకపోతే డాష్‌బోర్డు మీద దీపాలన్నీ వెలుగుతాయి. ఆ మాట చెప్పించడానికి హైదరాబాదు పోవాలి, రావాలి. నూనె మార్చడానికి మా చిన్న బండికి రెండు వేల ఐదు వందలయితే దీనికి పద్నాలుగు వేలు. బ్రేకులు చూపిస్తే ప్యాడ్లతో పాటు డిస్కులు కూడా అరిగిపోయాయన్నారు. ఆ కాగితం చొక్కా జేబులో మడిచి పెట్టుకుని, ఇంట్లో సగమే చెప్పాను. సగం చెప్పడం అప్పుడే మొదలైంది.

మా బండ్లు మొదటినుంచీ చూసేది పాత బస్టాండు వెనక షెడ్డు ఉన్న ఒక మెకానిక్. నాకంటే పదేళ్ళు పెద్ద. భాయ్ అనే పిలుస్తాను, ఆయనా నన్ను భాయ్ అనే అంటాడు. ఒకరోజు బండి తీసుకుపోయి చూపించాను. బానెట్ ఎత్తి చాలాసేపు చూశాడు. ఎక్కడా ముట్టుకోలేదు. మెల్లగా మూసి, చేతులు శుభ్రంగానే ఉన్నా గుడ్డతో తుడుచుకున్నాడు.

"గీండ్ల నాకు చెయ్యి పెట్ట జాగనే లేదు భాయ్. సచ్ చెప్తున్న, నడుస్తున్నప్పుడే అమ్మెయ్. ఆగినంక ఎవ్వడు కొనడు."

"ఇప్పటికే రెండు లక్షలు పెట్టిన భాయ్. గిప్పుడమ్మితే అవి పోతయి గద."

"పోయినయి పోనీ. ఉన్నయి కాపాడుకో."

నేను తల ఊపి వచ్చేశాను. పెట్టిన రెండు లక్షలూ తిరిగి వచ్చే ధర పలికితే అమ్ముదామనుకున్నాను. అలాంటి ధర ఎక్కడా లేదు. అయినా ప్రతి ఖర్చు తరువాతా అదే అనుకున్నాను, ఇదే చివరిదని.

ఆ బండితో ఒకే ఒక్క మంచి రోజు ఉంది మాకు. నా భార్య దగ్గర నేర్చుకున్న ఒక టీచరమ్మ తన బిడ్డకు వర్గల్ గుడిలో అక్షరాభ్యాసం పెట్టుకుంది, మమ్మల్ని రమ్మని ఇంటికి వచ్చి పిలిచింది. ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని నా భార్య మొదటిసారి ఆ బండిలో ఇష్టంగా కూర్చుంది. గుడిలో ఆ పాప పలక మీద అక్షరం దిద్దుతుంటే పక్కనే కూర్చుని చూసింది. తిరిగి వచ్చేటప్పుడు గౌరారం దగ్గర పెద్ద రోడ్డు ఎక్కాక, "నేను నడుపుత," అంది.

ఇచ్చాను. చెప్పులు విప్పి వెనక పెట్టి, సీటు సరిచేసుకుంది. ప్రజ్ఞాపూర్ దాటాక రోడ్డు ఖాళీ దొరికింది. నేను ఏనాడూ చేయనంత ధైర్యంగా, నేను చేయగలిగినదానికంటే నేర్పుగా తోలింది. ముఖంలో నవ్వు. "గింత అల్కగ పోతదా గిది," అంది. పిల్లల కోసం తిరగడం మానేసిన తరువాత ఆమె ముఖం అలా ఉండడం నేను చూడలేదు. డబ్బంతా పోతే పోయింది, ఈ ఒక్క గంట చాలనిపించింది నాకు.

కుకునూరుపల్లి దగ్గర డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలిగింది. బండి ఒక్క కుదుపు కుదిపింది, గేరు పడడం మానేసింది. ఇంజన్ అరుస్తోంది, బండి కదలడం లేదు. ఆమె భయపడకుండా పక్కకు తీసి ఆపింది. స్టీరింగ్ మీద చేతులు అలాగే పెట్టి అంది.

"నేనేం జెయ్యలే."

ఆమె ఏమీ చేయలేదని నాకు తెలుసు. షోరూమువాళ్ళు ఏనాడో చెప్పిన గేర్‌బాక్సు అది. ఆ మాట నేను వెంటనే అనాలి. కానీ దిగి, బానెట్ ఎత్తి, ఏమీ తెలియకపోయినా లోపలికి చూస్తూ నిలబడ్డాను. నేను చెప్పేసరికి చాలాసేపయింది. అప్పటికి ఆమె చెప్పులు వేసుకుని రోడ్డు పక్కన, పట్టుచీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని, పోయే లారీలను చూస్తోంది.

బండిని ఇంకో బండి మీద ఎక్కించి హైదరాబాదు పంపాం. గేర్‌బాక్సుకు నాలుగు లక్షల అరవై వేలన్నారు. ఆలోచించుకుని చెప్తానంటే, బండి తమ షెడ్డులో ఉన్నన్ని రోజులూ రోజుకింత కిరాయి పడుతుందన్నారు. మా దగ్గర అంత లేదు. బ్యాంకువాళ్ళు కొంత ఇస్తామన్నారు. మిగతాదానికి దారి వెతుకుతుంటే కరీంనగర్‌లో డ్రైవింగ్ స్కూలు పెట్టబోతున్న ఒకతను ఫోన్ చేశాడు. రెండేసి బ్రేకులున్న కారు ఏదైనా అమ్మకానికి ఉందా అని అడిగాడు.

నా బండి పాతది. దానికి ధర రాదు. ఆమె బండి బాగుంది.

రెండు నెలల్లో పెద్ద బండి బాగుచేసి అమ్మి, ఆమెకు కొత్తది కొనిద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఆర్సీ నా పేరు మీదే ఉంది కాబట్టి సంతకం నాది సరిపోయింది. ఒకరోజు మధ్యాహ్నం ఆమె అన్నం తినడానికి ఇంటికి పోయినప్పుడు అతను వచ్చి డబ్బిచ్చి బండి తోలుకుపోయాడు.

సాయంత్రం నాలుగు గంటల క్లాసుకు ఇద్దరు వచ్చి మడిగె ముందు బెంచీ మీద కూర్చున్నారు. ఒకామె నర్సు, ఇంకో అమ్మాయి బురఖాలో ఉన్న కాలేజీ పిల్ల. నా భార్య తాళంచెవి వేలికి తిప్పుకుంటూ వచ్చింది. ఆమె దగ్గరున్నది రెండో తాళం, అది అడిగి తీసుకోవడానికి నాకు నోరు రాలేదు.

"బండేది?"

"అమ్మిన."

"ఏ బండి?"

"నీదే."

ఆమె ఆ ఇద్దరి వైపు తిరిగింది. "ఇయ్యాల క్లాసు లేదమ్మా. మీ ఫీజు పైసలు నేనే ఇంటికి తెచ్చిస్త."

"పైసలెందుకు మేడం," అంది ఆ అమ్మాయి. "నాకు నేర్చుకునుడే గావాలె. సార్ దగ్గరైతే మా అబ్బా పంపడు."

నా భార్య ఆ పిల్ల భుజం మీద చేయి వేసింది. తరువాతి వారమంతా నడిచి ఇల్లిల్లూ తిరిగి, సగంలో ఆగిన ప్రతి ఒక్కరి ఫీజు ఇచ్చి వచ్చింది. నేను కూడా వస్తానంటే వద్దంది.

ఆ సాయంత్రం ఇంట్లో నేను సంజాయిషీ చెప్పుకోబోయాను. రెండు నెలలన్నాను, కొత్తదన్నాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ విన్నది.

"అమ్మే ముందు అడిగితే నేనేమంటుంటి?" అంది.

"వద్దంటుంటివి."

"అంటుంటి. గందుకే నువ్వు అడగలే."

నేను లేచి వాకిట్లోకి పోయాను.

గేర్‌బాక్సు బాగయి బండి వచ్చింది. అమ్ముదామని తిరిగాను. నాలుగు లక్షలంటే నాలుగున్నర అన్నవాడు లేడు. చివరికి నాకు అమ్మిన ఆ పాత శిష్యుడికే ఫోన్ చేసి, తొమ్మిదికి తీసుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే చూడమన్నాను.

"గసొంటి పాత బండ్లు కొనేటోళ్ళు మీలాంటోళ్ళే ఉంటరు సార్," అన్నాడు. వెటకారం కాదు, మెల్లగానే అన్నాడు. "గా ధరకు మళ్ళ మీలాంటోడు దొరకాలె."

ఎండాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం కోమటి చెరువు దగ్గర ఇంజన్ వేడి ముల్లు ఎర్రగీత దాటింది. నీళ్ళ పంపు ఆగిపోయిందని తరువాత తెలిసింది. వెంటనే ఆపాలి. నా దగ్గర నేర్చుకున్న ప్రతి ఒక్కరికీ మొదటి వారంలోనే చెప్పిన మాట అది. కానీ ఆగితే మళ్ళీ హైదరాబాదు, మళ్ళీ ఒక కాగితం, మళ్ళీ ఆమె ముఖం. ఇల్లు రెండు కిలోమీటర్లే ఉంది, చేరిపోతుందిలే అనుకున్నాను. చేరింది కూడా. మా వాకిట్లోకి వచ్చి, ముందునుంచి తెల్లటి ఆవిరి వదిలి ఆగిపోయింది.

భాయ్ వచ్చి నూనె చుక్క తీసి చూశాడు. నీళ్ళు కలిసి పాల చాయ్ రంగులో ఉంది. ఇంజన్ పోయిందన్నాడు.

"ఎర్రది చూసినంక కూడ నడిపినవా?"

"నడిపిన."

"ఆపాలె గద భాయ్. నువ్వు మందికి నేర్పేటోడివి."

ఆయన ఎన్నడూ నన్ను అంతకంటే పెద్ద మాట అనలేదు. ఆ రోజు చూసిన పనికి డబ్బులు కూడా తీసుకోలేదు.

వానాకాలమంతా బండి వాకిట్లో కవరు కింద ఉంది. నడవని బండికి కూడా ఇన్సూరెన్సు కట్టాను, బ్యాంకుకు నెలనెలా కట్టాను. ఎలుకలు చేరి తీగలు కొరికేశాయి. వాకిలి ఊడ్చేటప్పుడు నా భార్య దాని చుట్టూ ఊడ్చేది, కిందికి చీపురు పోనిచ్చేది కాదు. మడిగెలో నా పాత బండి ఒక్కటే మిగిలింది. ఆడవాళ్ళు రావడం మానేశారు. మగపిల్లలు కొత్త బండ్లున్న స్కూళ్ళకు పోయారు. కిరాయి ఆరు నెలలు చేతినుంచి కట్టి, బోర్డు దింపేశాను.

దీపావళి దాటాక పాత బండ్లు విప్పి సామాన్లు అమ్మే వ్యాపారి ఒకతను హైదరాబాదు నుంచి వచ్చాడు. కవరు తీసి, ఫోనుతో ఫొటోలు తీసుకున్నాడు. హెడ్ లైట్లు, సీట్లు, తలుపులు, గేర్‌బాక్సు. అన్నీ అయ్యాక, "ఇంజన్ నా లెక్కల లేదు," అన్నాడు. లక్షా పది వేలు చేతిలో పెట్టాడు. గేర్‌బాక్సుకు పెట్టిన డబ్బులో నాలుగో వంతు కూడా కాదు అది. గొలుసు కట్టి తన బండి మీదికి లాగుతుంటే మా గల్లీ మొత్తం చూస్తోంది. నేను పక్కనే నిలబడి, వెనక్కి రమ్మని, కొంచెం కుడికి అని చేతులతో సైగలు చేశాను. ఎందుకు చేశానో తెలియదు.

ఇప్పుడు ఒక ప్రైవేటు బడి వ్యాను తోలుతున్నాను. నా భార్య కరీంనగర్ రోడ్డులో ఉన్న వేరే డ్రైవింగ్ స్కూల్లో జీతానికి చేరింది. ఆమె పాత శిష్యురాళ్ళు తమ చెల్లెళ్ళను, కోడళ్ళను ఆమె దగ్గరికే పంపుతున్నారట. సొంతంగా సంపాదించుకున్న పేరు అక్కడ ఎవరికో లాభం తెస్తోంది. బ్యాంకు కంతులు ఇంకా రెండేళ్ళున్నాయి. అందులో సగం ఆమె జీతంలోంచే పోతోంది. మేం కొనాలనుకున్న ప్లాటులో ఎవరో ఇల్లు కట్టుకున్నారు. వ్యాను ఆ దారినే పోతుంది. వాళ్ళ పిల్లలిద్దరూ నా వ్యానే ఎక్కుతారు.

ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఆమె నన్ను ఒక్క మాట అనదు. కూర బాగుందంటే సరేనంటుంది, జ్వరమొస్తే గోళీ తెచ్చి నీళ్ళతో సహా చేతికిస్తుంది. తిట్టి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. మొన్న ఒకరోజు అన్నం వడ్డిస్తుంటే ఉండబట్టలేక అడిగేశాను.

"నన్ను మాఫ్ చేసినవా లేదా? ఏదో ఒకటి చెప్పు."

ఆమె గరిటె గిన్నెలో పెట్టింది.

"చేసిన్నో లేదో నాకే ఎర్కలేదు," అంది. "పొద్దుగాల ఆరింటికి పోవాలె. తిను, గిన్నెలు కడుక్కోవాలె నేను."

తిన్నాను.